మజ్జిగ పులిస్తేనే రొట్టె

గేటు పక్కన మూడు కాళ్ల ఇనప కుండ. నిండా మట్టి, మట్టిలో ఎర్రటి జెరేనియం పూలు. నీళ్లు నిలవకుండా అడుగున చిల్లు కూడా పొడిచారు. చాలా ఏళ్ల తర్వాత ఆ ఇంటికి వెళ్తే ముందుగా పలకరించింది అదే. దాన్ని బాస్టిబుల్ అంటారు. ఐర్లండ్ నైరుతి మూల కెర్రీ కౌంటీలో, లిస్టోల్ చుట్టుపక్కల పల్లెల్లో ఇప్పుడది పూలకుండీ. ఒకప్పుడు ఇంటిల్లిపాదికీ రొట్టె దాంట్లోనే కాలేది.

తలుపు తీయగానే వాసన. వేగిన గోధుమ పొట్టు, దాని వెనకే కాస్త పులుపు, ఆ రెంటి కిందా ఎక్కడో టర్ఫ్ పొగ. టర్ఫ్ అంటే బురదనేలలోంచి ఇటుకల్లా కోసి ఎండబెట్టిన పీట్ మట్టి. అక్కడి వంటచెరకు అదే. ఆ వాసనకి మన ఇళ్లలో దగ్గరిది ఏదంటే దిబ్బరొట్టె మూత తీసినప్పుడు మొహానికి కొట్టే ఆవిరి. మినప్పిండి బదులు గోధుమపిండి అనుకోవాలి.

ఆ ఇంట్లో మేడ మీది గది అద్దెకిచ్చేవారు. కెర్రీలోని ట్రాలీ అనే ఊళ్లో నర్సు ఉద్యోగాలకి వచ్చిన మలయాళీలూ, అడపాదడపా మన తెలుగువాళ్లూ ఒకరి తర్వాత ఒకరు ఆ గదిలో ఉన్నారు. ఇంటావిడకి అప్పటికే ఎనభై దాటాయి. ఇప్పుడు లేరు. ఆవిడ కబుర్లు చాలా ఉన్నాయి గానీ ఇక్కడ రాసేది రొట్టె గురించే.

లోకం దాన్ని సోడా బ్రెడ్ అంటుంది. ఆవిడ నోట ఆ మాట విన్న గుర్తు లేదు. "కేక్" అనేవారు, అంతే. తీపి ఉండదు, గుడ్డు ఉండదు, వెన్న కలపరు, పులియబెట్టరు. నాలుగే సరుకులు: గోధుమపిండి, ఉప్పు, మజ్జిగ, మనం పునుగుల్లో వేసే తినేసోడా. దుకాణంలో ఆ సోడా డబ్బా మీద "బ్రెడ్ సోడా" అనే రాసి ఉంటుంది.

చావుకబుర్ల వేళకి

పొద్దున అక్కడి లోకల్ రేడియోలో ఆ ప్రాంతంలో ఎవరెవరు పోయారో, ఏ చర్చిలో ఎన్నింటికి ప్రార్థనో చదువుతారు. ఊళ్లో అందరూ వింటారు. వార్తలు మొదలయ్యేసరికి ఆవిడ చేతికి పిండి అంటేది, చావుకబుర్లు అయ్యేసరికి రొట్టె పొయ్యిలో ఉండేది. కలపడం మొదలుపెట్టాక లోపల పెట్టేదాకా ఐదు నిమిషాలు పట్టేది కాదు. ఆ తొందరకి కారణం ఉంది. సోడాకి పులుపు తగిలిన క్షణం నుంచే బుడగలు పుడతాయి. అవి ఉండగానే వేడి తగిలి పిండి గట్టిపడాలి. కలిపి పక్కన పెట్టి ఫోను మాట్లాడి వస్తే ఆ బుడగలు గాలిలో కలిసిపోతాయి, మిగిలేది ఇటుక.

అందుకే ముందు పొయ్యి, తర్వాత పిండి. ఆవిడ వంటింట్లో టర్ఫ్, కట్టెలు వేసే ఎనామిల్ రేంజ్, అంటే ఓవెన్ కూడా ఉన్న పెద్ద ఇనప పొయ్యి, ఉండేది. దాని ఓవెన్ తలుపు మీద వేడి చూపే ముల్లు ఎప్పుడో పనిచేయడం మానేసింది. చెయ్యి లోపల పెట్టి లెక్కపెట్టేవారు. ఎంతదాకా లెక్కపెట్టగలిగితే ఎంత వేడో ఆవిడకే తెలియాలి. మనం ఆ పద్ధతి జోలికి వెళ్లకపోవడం మంచిది. కరెంటు ఓవెన్ అయితే 230 డిగ్రీలు పెట్టి కనీసం ఇరవై నిమిషాలు కాగనివ్వాలి. ఇండికేటర్ లైటు ఆరగానే కాగిందని నమ్మకూడదు. అప్పటికి లోపలి గాలి మాత్రమే వేడెక్కి ఉంటుంది, గోడలూ ట్రే ఇంకా చల్లగానే ఉంటాయి.

కొలతలు అడిగితే చేతులు చూపించేవారు. ఒకసారి ఆవిడ పోసిన పిండిని పోసినట్టే తూకం వేసి చూస్తే కాస్త అటూఇటూగా 450 గ్రాములు తేలింది. దానికి ఉప్పు ఒక టీస్పూను, సోడా ఒక టీస్పూను. రెండూ గీసి కొలిచినవే, గోపురంలా లేచినవి కావు. మజ్జిగ 350 నుంచి 400 మిల్లీలీటర్లు. తెల్ల రొట్టెకి అంతా మైదాలాంటి తెల్లపిండే, అక్కడ దాన్ని క్రీమ్ ఫ్లోర్ అంటారు. రోజువారీ బ్రౌన్ రొట్టెకి సగం తెల్లపిండి, సగం బరకగా విసిరిన ముడిపిండి. ముడిపిండి నీరెక్కువ తాగుతుంది కాబట్టి మజ్జిగ పూర్తిగా 400 పడుతుంది.

సోడాని నేరుగా పిండిలో పోసేవారు కాదు. ఎడమ అరచేతిలో వేసుకుని కుడిచేతి వేళ్లతో నలిపి, ఒక్క ఉండ కూడా లేకుండా చూసుకుని, అప్పుడు చల్లేవారు. సోడా డబ్బాలో చెమ్మ పీల్చుకుని చిన్న చిన్న గడ్డలు కడుతుంది. ఒక్క గడ్డ మిగిలిపోయినా రొట్టె కోసినప్పుడు అక్కడ పసుపుపచ్చ మచ్చ, కొరికితే సబ్బు రుచి. తర్వాత పిండినంతా జల్లెడ పట్టి, పొట్టు మిగిలితే మళ్లీ దాంట్లోనే కలిపేసేవారు. జల్లెడ ఎత్తి పట్టుకోమనేవారు, పిండి పైనుంచి రాలుతూ గాలి పట్టాలని.

మధ్యలో గుంట చేసి మజ్జిగ దాదాపు అంతా ఒకేసారి పోయాలి, ఒక గుక్కెడు మాత్రం ఆపుకోవాలి. ఇక చెయ్యి. ఐదు వేళ్లూ విడదీసి బిగించి, పంజాలా పెట్టి, గిన్నె మధ్య నుంచి అంచువైపు గుండ్రంగా తిప్పుతూ పోవాలి. చపాతీ పిండిలా పిసకడం, గుద్దడం, మడతపెట్టడం ఏదీ లేదు. ఏడెనిమిది తిప్పులకి పిండీ మజ్జిగా కలిసిపోతాయి. అక్కడితో ఆపాలి. మన చేతికి కష్టమైన పని ఇదే. చిన్నప్పటి నుంచి చపాతీ పిండి ఎంత మర్దిస్తే అంత మెత్తన అని నేర్చుకున్నవాళ్లం కదా. మేడ మీది గదివాళ్లలో ఎవరు చెయ్యి పెట్టినా పిసికేవారు, ఆవిడ వెంటనే మణికట్టు పట్టుకుని ఆపేవారు. పిసికితే గోధుమలోని జిగురు సాగి రబ్బరు వలలా బిగుస్తుంది. ఈస్టు రొట్టెకి ఆ వల కావాలి, గంటలకొద్దీ నెమ్మదిగా పుట్టే గాలిని పట్టి ఉంచాలి కాబట్టి. సోడా గాలి ఒక్క ఊపున పుడుతుంది. వల బిగుసుకుంటే పిండి లేవలేదు.

ముద్ద మెత్తగా, చేతికి కాస్త అంటుకుంటూ ఉండాలి. పొడిగా, నునుపుగా, చూడముచ్చటగా ఉందంటే మజ్జిగ తక్కువైందని అర్థం. పిండి చల్లిన బల్ల మీద బోర్లించి, అంచులు లోపలికి తోసి గుండ్రం చేసి, నాలుగు సెంటీమీటర్ల మందాన తట్టాలి. వెడల్పు జానెడు.

అప్పుడు కత్తి. అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి, అంచు నుంచి అంచు దాకా. పైపైన గీత కాదు, మందంలో సగం దాటి దిగాలి. తర్వాత ఆ నాలుగు ముక్కల్లోనూ కత్తి మొనతో ఒక్కో పోటు, లోపలున్న ఫెయిరీలు బయటికి పోవడానికట. పొడవకపోతే వాళ్లకి కోపం వచ్చి రొట్టె చెడగొడతారు. సిలువ గుర్తు కాబట్టి దీవెన అని కూడా అంటారు. దీవెన సంగతి ఎలా ఉన్నా, ఆ కోతలోంచే నడిమధ్యకి వేడి చేరుతుంది. కోత లోతు లేకుండా పడితే పైన పెంకు కట్టేశాక లోపలి ఆవిరికి దారి దొరక్క, పక్కన ఎక్కడో పగిలి రొట్టె ఒంకర పోతుంది.

230 డిగ్రీల మీద పదిహేను నిమిషాలు, తర్వాత 200కి దించి ఇంకో అరగంట. తీసి, గుడ్డతో పట్టుకుని తిరగేసి, వేలి కణుపులతో అడుగున కొట్టాలి. ఖాళీ డబ్బా చప్పుడు రావాలి. "దబ్" అని మొద్దుగా పలికితే తిరగేసినట్టే ఇంకో ఐదు నిమిషాలు లోపల పెట్టాలి. ఆవిడ చెవి దగ్గర పెట్టుకుని కొట్టేవారు, కుండలవాడి దగ్గర కుండ కొనేవాళ్లలాగా.

కరకర పెంకు ఇష్టమైతే జాలీ మీద ఊరికే వదిలేయాలి. ఆ ఇంట్లో పళ్లు లేని తాతగారి కాలం నుంచి వచ్చిన అలవాటో ఏమో, వేడివేడిగా ఉండగానే శుభ్రమైన గుడ్డలో చుట్టి కిటికీ గూట్లో నిలబెట్టేవారు. ఆవిరి గుడ్డలో చిక్కి పెంకు మెత్తబడుతుంది. రొట్టె ఆరేటప్పుడు చిటచిటమని సన్నగా పగుళ్లు పడే శబ్దం వినిపించేది. అది ఆగేదాకా కత్తి పెట్టనిచ్చేవారు కాదు.

మూతి పెట్టి చూడడం

పైన రాసినదాంట్లో ఒక పని వదిలేశాను. పిండి ముట్టుకోకముందే ఆవిడ మజ్జిగ ఒక గుక్క తాగేవారు. తాగి, కాసేపు అలా నిలబడి, అప్పుడు సోడా చెంచా తీసేవారు.

రొట్టె విద్య అంతా ఆ గుక్కలో ఉందని అర్థం కావడానికి చాలాకాలం పట్టింది. సోడా క్షారం, మజ్జిగలోని పులుపు లాక్టిక్ ఆమ్లం. రెండూ కలిసినప్పుడు పుట్టే కార్బన్ డయాక్సైడే రొట్టెని లేపుతుంది. పులుపు ఎంతుందో సోడా అంతే ఖర్చవుతుంది. మిగిలిన సోడా రొట్టెలోనే ఉండిపోయి సబ్బులా, చేదుగా తగులుతుంది. రంగు కూడా పచ్చిపసుపుకి తిరుగుతుంది. కాబట్టి మజ్జిగ బాగా పులిసిన రోజు గీసిన టీస్పూను నిండా, కమ్మగా ఉన్న రోజు ముప్పావే. పుస్తకంలో ఒక్క అంకె వేయగలరు గానీ మజ్జిగ రోజుకో రకం. పొద్దున పెరుగు గిన్నెలో వేలు పెట్టి చూసి, ఇవాళ చారులోకా పులుసులోకా అని నిర్ణయించే ఇళ్ల నుంచి వచ్చినవాళ్లకి దీన్ని వివరించనక్కర్లేదు. పాతికేళ్లుగా లండన్‌లో ఉన్న ఆవిడ చెల్లెలు మాత్రం ఫోన్లో ప్రతిసారీ ఒకటే గోల, "నాకెందుకు రావడం లేదు" అని. దుకాణంలో కొన్న పాలల్లో నిమ్మకాయ పిండి చేసేదట.

ఆవిడ చిన్నప్పుడు మజ్జిగ ఇంట్లోదే. రెండుమూడు రోజుల మీగడ మట్టికుండలో పోగేస్తే తనంతట తానే పులిసేది. దాన్ని నిలువు పీపాలో పోసి, మూత మధ్య కన్నంలోంచి పొడుగు కర్రతో పైకీ కిందికీ దంచేవారు. మన కవ్వం తాడుతో గిర్రున తిరుగుతుంది, వాళ్లది రోకలిలా పడుతుంది, తేడా అంతే. మీగడ మరీ చల్లగా ఉంటే ఎంత దంచినా వెన్న పడదు, వేడెక్కితే వెన్న తెల్లగా జిడ్డుగా వస్తుంది. చలికాలంలో పీపాని పొయ్యి దగ్గరికి జరిపేవారు. చిలికేటప్పుడు గుమ్మంలోకి ఎవరొచ్చినా, పోస్టుమాన్ అయినా సరే, కర్ర పట్టుకుని నాలుగు పోట్లు వేసి వెళ్లాలి. వేయకుండా పోతే ఆ ఇంటి వెన్న పట్టుకుపోయినట్టే. మే నెల మొదటి రోజున అసలు పాలూ నిప్పూ గడప దాటనిచ్చేవారు కాదు.

ఆ వైపు వెన్నకి గిరాకీ ఎక్కువ. కార్క్ నగరంలోని వెన్న మార్కెట్ 1770లో మొదలై 1924 దాకా నడిచింది. కెర్రీ పల్లెల వెన్న చెక్కపీపాల్లో గుర్రాల మీద అక్కడికి వెళ్లేది. వెన్న అమ్ముకుంటే ఇంటికి మిగిలేది మజ్జిగ. దాంతో బంగాళదుంపలు తినేవారు, ఇంకా మిగిలినదాంతో రొట్టె. 1889లో పక్కనున్న లిమరిక్ కౌంటీ డ్రమ్‌కొలొహర్‌లో తొలి సహకార క్రీమరీ, అంటే పల్లెల పాలు పోగేసి వెన్న తీసే కేంద్రం, తెరిచాక, మెల్లగా పల్లెల్లో చిలకడం తగ్గింది. పాలు క్యాన్లలో వెళ్లిపోయేవి. ఇప్పుడు దుకాణంలో అట్టపెట్టెలో దొరికే మజ్జిగ చిలికినది కాదు, వెన్నతీసిన పాలకి తోడువేసినది. చిక్కగా, ప్రతిరోజూ ఒకే పులుపుతో ఉంటుంది. రొట్టె బాగానే లేస్తుంది. పాత మజ్జిగలో తేలే వెన్న నలుసులు మాత్రం దీంట్లో ఉండవు. వాటి వల్లే రొట్టె రెండోరోజుకి కూడా ఎండేది కాదని ఆవిడ వాదన.

అసలు అక్కడ ఈస్టు రొట్టె బదులు సోడా రొట్టె ఎందుకు పాతుకుపోయిందంటే, వాళ్ల గోధుమ మెత్తరకం. చల్లని, తడి నేలలో పండే ఆ గోధుమలో జిగురు తక్కువ, ఈస్టుతో గోపురంలా లేవదు. సోడాకి అదే సరిగ్గా సరిపోయింది. పైగా ఓవెన్లు లేని ఇళ్లు. సోడా కూడా పాతకాలపు సరుకేమీ కాదు, 1830, 40ల్లో ఆ దేశానికి చేరింది. అంటే ఐర్లండ్ సనాతన రొట్టె అని అందరూ చెప్పుకునేదాని వయసు రెండువందల ఏళ్ల లోపే. మన మిరపకాయ దానికన్నా పాతకాపు.

కిందా పైనా నిప్పులు

ఇక ఆ పూలకుండీ సంగతి. బాస్టిబుల్ అన్న పేరు ఇంగ్లండ్ డెవన్‌లోని బార్న్‌స్టేపుల్ ఊరి పేరు అరిగి అలా అయిందంటారు. అడుగు చదునుగా, గోడలు నిలువుగా, కింద మూడు పొట్టి కాళ్లు, పక్కన రెండు చెవులు. మూత అంచు పైకి లేచి పళ్లెంలా ఉంటుంది, నిప్పులు జారిపోకుండా. పొయ్యి పక్కన తిరిగే ఇనపచేయికి వేలాడదీసేవారు, లేదా పొయ్యి ముందు నేల మీదే నిప్పులు పరిచి కూర్చోబెట్టేవారు.

గోదావరి వైపు దిబ్బరొట్టె ఒకప్పుడు ఇలాగే కాల్చేవారు కదా, మందపాటి గిన్నె, మూత మీద నిప్పులు. సూత్రం అచ్చంగా అదే. అయితే అక్కడ నూనె వేయరు. కుండని ముందే కాచి, అడుగున చిటికెడు పిండి చల్లి చూస్తారు. పిండి నిదానంగా గోధుమరంగుకి తిరిగితే సరిపోయినట్టు, వేయగానే నల్లబడితే నిప్పులు తగ్గించాలి. రొట్టె పెట్టాక మూత వేసి, దాని మీద పటకారుతో ఎర్రటి టర్ఫ్ నిప్పులు పేర్చాలి. కింద తక్కువ, పైన ఎక్కువ. ఇనపకుండ అడుగు రొట్టెని నేరుగా తాకుతుంది, పైనుంచి వేడి గాలిలోంచి దిగాలి. సమానంగా వేస్తే అడుగు మాడి పైన తెల్లగా మిగులుతుంది. ముప్పావు గంటకి మూత ఒకే ఒక్కసారి ఎత్తాలి. అది కూడా తిన్నగా పైకి. ఏ మాత్రం వంచినా బూడిద రొట్టె మీద పడుతుంది. ఆవిడ అమ్మ బాతురెక్కతో మూత అంచు ఊడ్చి మరీ ఎత్తేదట. బల్ల మీది పిండి ఊడ్చడానికి ఇంకో రెక్క.

బొగ్గు నిప్పులు చురుగ్గా కాలి చల్లారిపోతాయి. టర్ఫ్ నిప్పు మంట లేకుండా గంటలకొద్దీ అలాగే కణకణలాడుతుంది, మన దాలిలో పిడకలాగే. రాత్రి దాని మీద బూడిద కప్పి పడుకుంటే పొద్దున కదిపితే మళ్లీ ఎర్రగా ఉండేది. తరాల పాటు ఆరని పొయ్యిలుండేవని చెప్పుకుంటారు. వేసవి మొదట్లో స్లాన్ అనే ఒంటిరెక్క పారతో టర్ఫ్ కోసి, నేల మీద పరిచి, కాస్త ఆరాక చిన్నచిన్న గూళ్లుగా నిలబెట్టి, ఎండాక ఇంటికి తోలుకునేవారు. ఆ గూళ్లు నిలబెట్టే పని పిల్లలది. నడుములు పడిపోయేవని ఆవిడకి డెబ్బై ఏళ్ల తర్వాత కూడా కోపమే.

కరెంటు వచ్చి ఈ పొయ్యిల్ని మూలకి తోసింది. పల్లెల కరెంటు పథకం కింద తొలి స్తంభం 1946లో డబ్లిన్ కౌంటీలో పాతారు. కెర్రీ కొండల్లోని బ్లాక్ వ్యాలీకి తీగ చేరేసరికి 1970ల రెండో సగం వచ్చేసింది. తర్వాత మాత్రం ఆలస్యం కాలేదు. కొట్లో కోసి అమ్మే మెత్తటి తెల్ల బ్రెడ్డు, దాన్ని అక్కడ పాన్ అంటారు, ఇంటికి రావడమే నాగరికత అనిపించుకుంది. బడిలో పాన్ ముక్కలు తెచ్చుకున్న పిల్లల ముందు ఇంటిరొట్టె తీయడానికి సిగ్గుపడేవాళ్లమని ఆవిడ చెప్పేవారు. ఇప్పుడు అదే ఇంటిరొట్టె డబ్లిన్ హోటళ్లలో చేప ముక్కతో కలిపి ఎంత ధర పలుకుతోందో చూస్తే నవ్వొస్తుంది.

ఇంకో ఎమర్జెన్సీ

ఆవిడ "ఎమర్జెన్సీలో" అని మొదలుపెట్టినప్పుడల్లా మనకి 1975 గుర్తొస్తుంది. వాళ్ల ఎమర్జెన్సీ రెండో ప్రపంచయుద్ధం. ఐర్లండ్ యుద్ధంలో దిగలేదు, కానీ ఓడల్లో గోధుమ రావడం తగ్గిపోయింది. పొట్టు తీయని నల్లపిండే ఇచ్చేవారు. రొట్టె బరువుగా, జిగటగా వచ్చేది. తెల్లపిండి కోసం ఆడవాళ్లు ఆ నల్లపిండిని పట్టు మేజోళ్లలో పోసి జల్లించేవారట. ఈ రోజుల్లో ఆరోగ్యమని ముడిపిండికే ఎక్కువ డబ్బిచ్చి కొంటున్నాం, అది వేరే కథ.

పిండి గుడ్డ సంచుల్లో వచ్చేది. సంచి విప్పి, ఉడకబెట్టి, అచ్చుమరకలు పోయేదాకా ఎండలో వేసి, నాలుగు కలిపి కుడితే దుప్పటి. మరకలు పూర్తిగా పోయేవి కావు. రొట్టె చుట్టే గుడ్డ మీద కూడా మిల్లు పేరు లీలగా కనిపించేది.

ఎండుద్రాక్ష వేసిన రొట్టె పండక్కీ, చుట్టాలకీ. దాన్ని చుక్కల కుక్క అంటారు, తెల్లటి ఒంటి మీద నల్లమచ్చలు కాబట్టి. రైల్వే కేక్ అని ఎగతాళి పేరు కూడా ఉంది: స్టేషనుకో ద్రాక్ష. అమెరికాలో సెయింట్ పాట్రిక్ పండక్కి చేసేది గుడ్లూ వెన్నా పంచదారా సోంపులాంటి కారవే గింజలూ వేసి. తినడానికి బాగానే ఉంటుంది. ఆవిడ ముందు దాన్ని సోడా బ్రెడ్ అంటే మాత్రం ఊరుకునేవారు కాదు.

పెనం మీద

ఓవెన్ లేనివాళ్లకి ఐర్లండ్ ఉత్తరాది పద్ధతి నయం. అల్‌స్టర్ వైపు ఇదే పిండిని ఒకటిన్నర సెంటీమీటర్ల మందాన గుండ్రంగా తట్టి, నాలుగు ముక్కలు కోసి పెనం మీద కాలుస్తారు. ఆ ముక్కని ఫార్ల్ అంటారు, నాలుగోవంతు అనే అర్థం. మన మందపాటి దోసెపెనం చాలు. నూనె వద్దు, పొడిపిండి చల్లాలి. సన్నటి మంట మీద ఒక్కో వైపు ఏడెనిమిది నిమిషాలు. పక్కలు పచ్చిగా తెల్లగా ఉంటాయి, చివర్లో ముక్కల్ని ఒకదానికొకటి ఆనించి అంచుల మీద నిలబెట్టి అవి కూడా కాల్చాలి. చపాతీ మంట మీద చేస్తే పైన మాడి లోపల ముద్దగా ఉంటుంది. అందరూ చేసే పొరపాటే ఇది.

మన పిండితో

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో చేయాలంటే రెండు చిక్కులు. మొదటిది పిండి. మన ఆటా చక్కీలో మెత్తగా నలిగి పడుతుంది, నీళ్లు విపరీతంగా తాగుతుంది, రొట్టె బిగుసుకుపోతుంది. 450 గ్రాముల్లో ఆటా సగానికి మించకూడదు, మిగతాది మైదా. దొరికితే రెండు చెంచాల గోధుమ పొట్టు కలిపితే ఐర్లండ్ ముడిపిండి బరక కొంచెం వస్తుంది. మజ్జిగ ముప్పై నలభై మిల్లీలీటర్లు అదనంగా చేతిలో ఉంచుకోవాలి.

రెండోది మజ్జిగ. మనం తాగే మజ్జిగ నీళ్లమజ్జిగ, పులుపు చాలదు. బాగా పులిసిన పెరుగు 250 గ్రాములు, నీళ్లు 150 మిల్లీలీటర్లు కవ్వంతో చిలికితే కావలసిన చిక్కదనం వస్తుంది. ఫ్రిజ్‌లోని నిన్నటి కమ్మటి పెరుగు పనికిరాదు. బయట ఒక పూట ఉంచాలి. వేసవిలో నాలుగు గంటలు కూడా ఎక్కువే. ముక్కు దగ్గర పెట్టుకుంటే కొద్దిగా ఘాటుగా తగలాలి.

చిన్న ఓవెన్లలో కింది కమ్మీ దగ్గరగా ఉండి అడుగు మాడుతుంది, ట్రేని ఒక మెట్టు పైకి ఎక్కించాలి. మధ్యలో పిండిపిండిగా మిగిలితే మూడు కారణాలు: ఓవెన్ సరిగ్గా కాగలేదు, సిలువ లోతుగా పడలేదు, లేక వేడి మీదే కోశారు. కనీసం ముప్పావు గంట ఆరనివ్వాలి. పళ్లెంలో పరుచుకుపోతే మజ్జిగ ఎక్కువైంది. అసలు లేవకపోతే సోడా మీద కాస్త వెనిగర్ వేసి చూడాలి. బుసబుస పొంగకపోతే అది సోడా కాదు, లేదా చెమ్మ పట్టి చచ్చిపోయింది. బేకింగ్ పౌడర్ వేసి మజ్జిగా పోస్తే రొట్టె లేస్తుంది గానీ పులుపు అలాగే మిగిలి రుచి తేడా కొడుతుంది. ఇది చేసిన రోజే తినాల్సిన రొట్టె. మర్నాడు కాల్చుకుని ఉప్పువెన్న రాసుకుంటే బాగుంటుంది, మూడోరోజు మాత్రం ఆశ పెట్టుకోకూడదు.

మూత

ఆ ఇంట్లో ఇప్పుడు కూతురు ఉంటోంది. రేంజ్ తీసేసి కరెంటు ఓవెన్ పెట్టించింది. టర్ఫ్ గురించి అడిగితే షెడ్డు చూపించింది: 2022 శరదృతువు చివరి నుంచి దుకాణాల్లో టర్ఫ్ అమ్మకూడదని రూలు వచ్చింది, సొంత హక్కున్న చోట కోసుకున్నది ఇంట్లో కాల్చుకోవచ్చు. వాళ్ల నాన్న హక్కు ఇంకా ఉంది, కోసే మనిషే దొరకడం లేదు. ఆదివారాలు ముందుగది పొయ్యిలో నాలుగైదు ఇటుకలు వేస్తుందట, వాసన కోసం.

రొట్టె ముక్కలు కోసి బల్ల మీద పెట్టింది. లేచింది, పెంకు బాగుంది. మధ్యలో ఎక్కడో సన్నగా సబ్బు తగిలింది. మజ్జిగ పెట్టె ఇంకా బల్ల మీదే ఉంది, తీసి ఒక గుక్క తాగి చూస్తే పాలంత కమ్మగా ఉంది. "సోడా ముప్పావు వేయాల్సింది" అంటే, "అమ్మ కూడా అలాగే తాగి చూసేది, దాహమేమో అనుకునేదాన్ని" అంది.

వెళ్లేటప్పుడు బాస్టిబుల్ మూత ఏమైందని అడిగాం. పెరట్లో కోళ్లగూడు పైరేకు గాలికి లేవకుండా బరువు పెట్టారు. తిరగేస్తే లోపలివైపు నల్లగా నున్నగా ఉంది. పైవైపు అంచు మడతలో బూడిద రాయిలా గట్టిపడి ఇంకా అలాగే ఉంది, గోకితే గోరు విరిగింది.